అధికముగా చెల్లిన పన్ను

దివాణమునకు పోయిన రూక తిరిగి మన గడప తొక్కదని పల్లెలయందు గట్టి నమ్మకము. నంద్యాల, ఆళ్లగడ్డ సీమల చరిత్రను పరిశీలించినచో ఆ నమ్మకము ఊరక పుట్టినది కాదని తెలియగలదు. అధికముగా చెల్లించిన పన్నును తిరిగి యడుగు హక్కు మనకు మిక్కిలి క్రొత్తది. దానికి పూర్వము మన రైతు ఎరిగినది ఒక్క తగ్గింపు మాత్రమే. అదియును ఆలస్యముగా వచ్చిన తగ్గింపు.

1800వ సంవత్సరము అక్టోబరులో నైజాము ప్రభువు ఈ మండలములను కుంఫిణీ వారికి ఒప్పగించెను. వీనినే దత్తమండలము లనిరి. (1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభలో రాయలసీమ యను పేరు వచ్చువరకు మనకు ఆ పరాయి పేరే గతియైనది.) తామస్ మన్రో దొర నలుగురు సహాయ కలెక్టరులతో వచ్చి 1807 వరకు ఇచట నుండెను. ముప్పదిమూడడుగుల గొలుసుతో పొలము పొలమును కొలిపించెను. ఆ గొలుసు చదరము ఒక గుంట. నలువది గుంటలు ఎకరము. మెట్ట, మాగాణి, తోట యని తరములు కట్టి, ఏ చేనికి ఎంత శిస్తో కరణము లెక్కలో నెక్కించిరి.

ఆ లెక్క ముగిసిన పిమ్మట మన్రోయే దానిని సరిచూచెను. రైతు పండించిన నూరు పాళ్లలో సర్కారు వంతు రమారమి నలువదియైదు పాళ్లని తేలినది. ఇది భరింపరానిదని, శిస్తులో నూటికి 25 వంతులు తగ్గింపవలయుననియు, బావులు మొదలగువాని క్రింద సాగగు తోట భూములకు మరి 8 వంతులు కలిపి 33 తగ్గింపవలయుననియు 1807 ఆగస్టు 15వ తేదీని పైవారికి వ్రాసెను. తగ్గించినచో సర్కారు వంతు పంటలో మూడవ పాలునకు దిగును.

పైవారు వినలేదు. రైతువారీ పద్ధతినే తీసివేసి గ్రామములను మొదట మూడేండ్లకు, పిదప పదేండ్లకు ఇజారాకిచ్చిరి. ఇజారాదారులు పెక్కురు దివాలా తీసిరి. 1820లో మన్రో చెన్నపట్టణమునకు గవర్నరై వచ్చిన పిమ్మటగాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. దత్తమండలముల జనులు బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరన్నచో ఆయనయందు వారికెంత ప్రేమయో తెలియును. నాకును గౌరవమే. కాని ఒక్క ప్రశ్న నన్ను విడువకున్నది: ఎక్కువయని కలెక్టరే ఒప్పుకొనిన తరువాత పదుమూడేండ్లు వసూలైన సొమ్ము ఏమయ్యెను? రైతునకు అందులో నొక కాసైన మరలి రాలేదు. మరలించుటకు చట్టమే లేదు. రేపటి శిస్తు తగ్గును, నిన్నటిది పోయినట్లే.

ఈ పాటి మేలు సయితము సీమ అంతటికి దక్కలేదు. కోవెలకుంట్ల దత్తమండలములలోనిది. దాని ప్రక్కనేయున్న నంద్యాలయు, తరువాత శిరివెళ్ల తాలూకాగా నేర్పడిన ఆళ్లగడ్డ ప్రాంతమును 1839 వరకు కర్నూలు నవాబు ఏలుబడిలో నుండెను. మన్రో గొలుసు అచటికి పోలేదు. అందుచేత తగ్గింపును పోలేదు. ఒకే నల్లరేగడి, ఒకే కుందూ నది నీరు. లెక్క గల రైతునకు ఒక న్యాయము, లెక్కలేని రైతునకు మరియొకటి. 1858లో గాని ఇవన్నియు కర్నూలు జిల్లాగా కలియలేదు.

ఇక ఆదాయపు పన్ను. సిపాయీల తిరుగుబాటు వ్యయముచే ఖజానా వట్టిపోగా జేమ్స్ విల్సన్ 1860లో దీనిని తెచ్చెను. చెన్నపట్టణపు గవర్నరు ట్రెవెలియన్ ఈ క్రొత్త పన్నులు వలదని బహిరంగముగా వాదించి పదవిని పోగొట్టుకొనెను. 1886 నాటి చట్టము సేద్యపు రాబడిని దీనినుండి తప్పించెను. అప్పటినుండి మన రైతు ఇది షావుకార్ల పన్ను, మనది కాదని నిశ్చింతగా నున్నాడు. చిక్కంతయు ఆ నిశ్చింతలోనే యున్నది.

ఏలయన, పన్నును సొమ్ము పుట్టిన చోటనే పట్టుకొను పద్ధతి యొకటి గలదు. ఆళ్లగడ్డ రైతొకడు ధాన్యము అమ్మిన సొమ్ము బ్యాంకులో వేసినాడనుకొందము. ధాన్యమునకు పన్ను లేదు. దానిపై వచ్చు వడ్డీకి కలదు. ఏటికి వడ్డీ 60,000 రూపాయలైనచో నూటికి పది చొప్పున 6,000 బ్యాంకు ముందే కోసి సర్కారునకు కట్టును. పాన్ సంఖ్య ఇయ్యనివానికి కోత నూటికి ఇరువది, అనగా 12,000. అతనికి వేరు రాబడి లేనప్పుడు నిజముగా చెల్లవలసిన పన్ను సున్న. ఆ సొమ్మంతయు అతనిదే.

1922 నాటి చట్టము 48వ ప్రకరణమునను, 1961 నాటి చట్టము 237వ ప్రకరణమునను ఇట్టి సొమ్ము తిరిగి పొందు హక్కు స్పష్టముగా వ్రాయబడినది. మన్రో కాలపు రైతునకు లేనిది ఇదియే. 1961 చట్టము ఆలస్యమునకు నూటికి నెలకు అర్ధరూపాయి వడ్డీ సయితము ఏర్పరచెను. 2026 ఏప్రిల్ 1 నుండి దాని స్థానమున 2025 నాటి చట్టము వచ్చినను ఆ హక్కు పోలేదు.

సరిచూచుకొనుట కష్టము కాదు. మన పేర ఎవరెవరు ఎంత కోసి కట్టినదియు ఆదాయపు పన్ను శాఖ వారు 26ఏఎస్ అను పట్టికలో చూపుదురు. దానిని బ్యాంకు ఇచ్చు ధ్రువపత్రముతో సరిపోల్చి, గడువులోపల రిటర్ను దాఖలు చేయవలెను. పాన్ తో ముడిపడిన బ్యాంకు ఖాతా సరిగా చూపవలెను. రిటర్ను లెక్క బెంగుళూరిలో కట్టి సొమ్మును ఆ ఖాతాకే పంపుదురు. కచ్చేరీ చుట్టు తిరుగ పనిలేదు. బ్యాంకు కోసినది పట్టికలో నెక్కనిచో ముందుగా ఆ బ్యాంకునే నిలదీసి దిద్దించుకొనవలెను. గడువు దాటినవారు ఆలస్యమునకు కారణము చూపి క్షమింపుమని అర్జీ పెట్టుకొనవచ్చును. 2024 అక్టోబరు నాటి ఉత్తరువు ఆ అర్జీకి అయిదేండ్ల వ్యవధి నిచ్చినది.