ఫోనులో చెప్పిన పదహారు అంకెలు

నగదు పుచ్చుకున్న దుకాణదారు నోటును వెలుతురుకు ఎత్తి చూసి గల్లాపెట్టెలో వేస్తాడు. బేరం అక్కడితో ముగుస్తుంది. కార్డు పుచ్చుకున్న దుకాణదారు దగ్గర ఆ క్షణాన ఉండేది డబ్బు కాదు. ఎక్కడో ఉన్న బ్యాంకు తరువాత డబ్బు ఇస్తుందన్న మాట మాత్రమే ఉంటుంది. ఆ మాట నమ్మాలంటే రెండు సంగతులు తేలాలి. ఈ కార్డు చెల్లుతుందా? దీన్ని వాడుతున్న మనిషి దీని సొంతదారేనా? ఈ రెండింటి కోసం చిన్న వ్యాపారి మొదటి నుంచీ ఆశ్రయించిన సాధనం టెలిఫోను. మొదటి ప్రశ్నకు ఫోను త్వరగానే జవాబు చెప్పింది. రెండోదానికి జవాబు రావడానికి దశాబ్దాలు పట్టింది. ఈలోగా నష్టం ఎవరు భరించారన్నదే ఈ పాఠంలో మనం గమనించవలసిన విషయం.

1950లో అమెరికాలోని న్యూయార్క్‌లో డైనర్స్ క్లబ్ కార్డు మొదలైంది. అది ప్రధానంగా హోటళ్లలో భోజనం చేసేవారి కోసం వచ్చిన కార్డు. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రెస్నో పట్టణంలో దాదాపు 60,000 కార్డులను, ఎవరూ అడగకుండానే, తపాలాలో పంపింది. పెద్ద పెద్ద దుకాణాలకు అప్పటికే సొంత అరువు ఖాతాలు ఉండేవి. అరువు పద్దు రాసుకుని నెలల తరబడి వసూలు చేసుకోలేక తిప్పలు పడే చిన్న వ్యాపారులకే ఈ కొత్త కార్డు ఎక్కువ పనికొచ్చింది. వసూలు బాధ్యత బ్యాంకు తీసుకుంది, అందుకు కొంత శాతం కోసుకుంది.

ఆ రోజుల్లో కార్డును ఇంప్రింటర్ అనే ఇనుప పరికరంలో పెట్టి, కార్బన్ కాగితాలున్న స్లిప్పు మీద ఉబ్బెత్తు అంకెలు పడేలా నొక్కేవారు. ఒక పరిమితి వరకు అంతకంటే ఏమీ చేయనక్కరలేదు. దీన్ని ఫ్లోర్ లిమిట్ అనేవారు. కొన్నది ఆ పరిమితి దాటితే దుకాణదారు బ్యాంకుకు ఫోను చేసి, కార్డు నంబరు చదివి, అనుమతి సంఖ్య తీసుకుని స్లిప్పు మీద రాయాలి. పోయిన, దొంగిలించిన కార్డుల నంబర్లు అచ్చువేసిన చిన్న పుస్తకం కూడా కౌంటర్ మీద ఉండేది. పుస్తకం అచ్చయి చేరేలోగా దొంగ తన పని కానిచ్చేవాడు. పరిమితి ఎంతో పసిగట్టినవాడు దానికి కొంచెం తక్కువకే కొనేవాడు. కార్డు ఇచ్చిన బ్యాంకు మరో రాష్ట్రంలో ఉంటే ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకు ఫోను చేయాలి. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో ఆ రెండో బ్యాంకులో ఎత్తేవాళ్లే ఉండరు. కొనుగోలుదారు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటాడు, వెనక వరుస పెరుగుతుంది. దుకాణదారు ఫోను చేయకుండానే సరుకు ఇచ్చేయడంలో ఆశ్చర్యం ఏముంది?

1973లో నేషనల్ బ్యాంక్ అమెరికార్డ్ సంస్థ, అంటే 1976లో వీసాగా పేరు మార్చుకున్న సంస్థ, బ్యాంకులన్నిటినీ ఒక కంప్యూటరు వ్యవస్థతో కలిపింది. అప్పటివరకు నిమిషాల తరబడి పట్టే అనుమతి నిమిషంలోపు రావడం మొదలైంది.

ఇక్కడ కొంచెం గణితం చూద్దాం. ఫోనులో అంకెలు చెప్పేటప్పుడు పొరపాటు సహజం. తెలుగులో ‘మూడు’, ‘ఏడు’ గొంతు సరిగా వినిపించకపోతే ఒకటిగానే తోస్తాయి. ఇంగ్లీషులో ‘ఫైవ్’, ‘నైన్’కూ అదే చిక్కు. ఐ.బి.ఎం. ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ 1954లో దరఖాస్తు చేసి, 1960లో పేటెంటు పొందిన ఒక పద్ధతి ఇందుకు ఉపయోగపడింది. ఆయన పేటెంటు నిజానికి చేతిలో పట్టే ఒక చిన్న యాంత్రిక పరికరానికి. ఆ సూత్రమే ఈనాటికీ కార్డు నంబర్లలో ఉంది.

27466 అనే సంఖ్య తీసుకోండి. చివరి 6 తనిఖీ అంకె. దాని ఎడమ పక్క అంకెతో మొదలుపెట్టి, ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి. రెండంకెలు వస్తే వాటిని కూడాలి. 6కు రెట్టింపు 12, అంటే 3. పక్కనున్న 4 అలాగే ఉంటుంది. 7కు రెట్టింపు 14, అంటే 5. ఆ పైన 2. వీటి మొత్తం 14, తనిఖీ అంకె 6 కలిపితే 20. ఈ మొత్తం పదితో నిశ్శేషంగా భాగింపబడితే సంఖ్య సరైనది. ఎవరైనా 4ను 5గా విన్నారనుకోండి, మొత్తం 21 అవుతుంది. 7, 4 తారుమారైతే 26 వస్తుంది. రెండు తప్పులూ పట్టుబడ్డాయి. పక్కపక్కనున్న 0, 9 తారుమారైతే మాత్రం ఈ పద్ధతికి అందదు. ఎందుకో మీరే చేసి చూడండి. అయితే సంఖ్య సరిగ్గా ఉందని తేలినంత మాత్రాన అది చెబుతున్న మనిషిదేనని తేలదు.

1981లో విలియం మెల్టన్ అమెరికాలోని హవాయిలో వెరిఫోన్ అనే సంస్థ ప్రారంభించాడు. వెరిఫికేషన్, టెలిఫోన్ అనే రెండు మాటలు కలిస్తే ఆ పేరు వచ్చింది. కార్డు వెనక అయస్కాంత పట్టీని గీస్తే, చిన్న యంత్రమే ఫోను లైను మీద బ్యాంకు కంప్యూటరుకు డయలు చేసి అడుగుతుంది. మోడెం అంకెలను శబ్దాలుగా మార్చి పంపుతుంది. మనిషి గొంతు చేసిన పనిని యంత్రం ఈల చేసిందన్నమాట.

ఇంతవరకు కొనుగోలుదారు ఎదురుగా ఉన్నాడు. ఇంటి నుంచి ఫోను చేసి పూలగుత్తి పంపమని చెప్పి, కార్డు నంబరు చదివేవాడి సంగతి వేరు. కార్డు లేదు, సంతకం లేదు, ముఖం లేదు. అమెరికాలో 1970 నాటి చట్టం దొంగ వాడకానికి కార్డుదారు బాధ్యతను 50 డాలర్లకు పరిమితం చేసింది. 1974 నాటి మరో చట్టం బిల్లులోని పద్దును కాదనే హక్కు ఇచ్చింది. వినియోగదారుకు ఇవి గొప్ప రక్షణలు. మరి ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోవాలి? కార్డు కంపెనీల నియమాల ప్రకారం, కార్డు ఎదురుగా లేని అమ్మకంలో నష్టం సాధారణంగా వ్యాపారిదే. బ్యాంకు ఇచ్చిన అనుమతికి అర్థం ఖాతా ఉంది, కార్డు పోయినట్టు ఫిర్యాదు లేదు అని మాత్రమే. నెల తరువాత అసలు కార్డుదారు ‘నేను కొనలేదు’ అంటే వ్యాపారి ఖాతాలో పడిన సొమ్ము వెనక్కు పోతుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. సరుకు పోయింది, సొమ్ము పోయింది, పైగా రుసుము. పెద్ద కంపెనీ దాన్ని లెక్కల్లో సర్దుకుంటుంది. చిన్న పూలకొట్టుకు నాలుగైదు అలాంటివి చాలు. కార్డు మీద అచ్చయి అయస్కాంత పట్టీలో లేని మూడు నాలుగు అంకెల భద్రతా సంఖ్య 1990ల నుంచి వ్యాప్తిలోకి వచ్చింది అందుకే. 2004లో వచ్చిన పి.సి.ఐ. ప్రమాణాలు అనుమతి వచ్చాక ఆ సంఖ్యను ఎక్కడా దాచరాదన్నాయి. ఫోనులో విన్నది చీటీ మీద రాసుకుని సొరుగులో పెట్టే అలవాటుకు అది విరుద్ధం.

మన దేశంలో బ్యాంకుల క్రెడిట్ కార్డులు 1980లో సెంట్రల్ బ్యాంకుతో మొదలయ్యాయి. 1981లో ఆంధ్రా బ్యాంకు ఆ దారి పట్టింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన బ్యాంకు అది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. అప్పట్లో ఫోను కనెక్షను కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూసే దేశంలో, ఫోను మీద ఆధారపడిన కార్డు నగరాల్లోని హోటళ్లు, పెద్ద దుకాణాలు దాటి రాలేకపోయిందంటే వింత లేదు.

ఫోను అందరి చేతికీ వచ్చాక మనవాళ్లు రెండో ప్రశ్నను మరోలా పరిష్కరించారు. రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి ఇంటర్నెట్‌లో కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. 2011 ఫిబ్రవరి నుంచి ఫోనులో రికార్డు గొంతు అడిగితే మీటలు నొక్కి చెల్లించే పద్ధతికీ దాన్ని వర్తింపజేసింది. కార్డు నంబరు తెలిసినంత మాత్రాన చాలదు. రహస్య సంకేతమో, కార్డుదారు సొంత ఫోనుకు వచ్చే ఓ.టి.పి.యో ఉండాలి. అంటే వ్యాపారి ఫోను అడిగిన ప్రశ్నకు కొనుగోలుదారు ఫోను జవాబు చెబుతుంది. ఇందువల్ల మన చిన్న వ్యాపారి ఫోనులో నంబరు రాసుకోడు, చెల్లింపు లింకు ఎస్.ఎం.ఎస్.లో పంపుతాడు; కొనేవాడు దాన్ని తెరిచి తానే నింపుతాడు. నా అభిప్రాయంలో ఇది మెరుగైన దారి. కానీ దొంగ ఊరుకోలేదు, దుకాణాన్ని వదిలి కార్డుదారుకే ఫోను చేయడం మొదలుపెట్టాడు. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల్లో, ఖాతాదారు తానే సంకేతాలు చెప్పేస్తే, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం అతనిదే. ఒకప్పుడు పూలకొట్టు మీద పడ్డ భారం కొంత ఇప్పుడు ఓ.టి.పి. చదివి వినిపించిన ముసలి తల్లిదండ్రుల మీద పడుతోంది. ఇంట్లో వాళ్లకు ఈ సంగతి చెప్పగలిగినవారు మీరే.

అమెరికాలో జిమ్ మెక్‌కెల్వీ అనే గాజు కళాకారుడు కార్డు తీసుకునే వీలులేక ఒక అమ్మకం పోగొట్టుకున్నాడు. 2009లో జాక్ డోర్సీతో కలిసి స్క్వేర్ సంస్థ పెట్టాడు. వారి చిన్న పరికరాన్ని మొబైల్‌లో ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలో గుచ్చేవారు. అయస్కాంత పట్టీ గీసినప్పుడు పుట్టే విద్యుత్ సంకేతం మైకు దారిన శబ్దంలాగే ఫోనులోకి వెళ్లేది. ఆ తరువాత, కార్డును ఫోనుకు తాకిస్తే చాలే పద్ధతి వచ్చింది. 2022 నుంచి మన రూపే క్రెడిట్ కార్డును యు.పి.ఐ.తో కలిపి, దుకాణం గోడ మీది క్యూఆర్ కోడ్‌కే చెల్లించవచ్చు. నకిలీ చెల్లింపు తెర చూపించి సరుకు పట్టుకుపోయేవాళ్లు పుట్టుకొచ్చారు కాబట్టి, కిరాణా కొట్టు యజమాని కొనేవాడి ఫోను వైపు చూడటం మానేశాడు. త్రాసు పక్కనున్న చిన్న స్పీకరు డబ్బు అందిందని తెలుగులో పలికేదాకా పొట్లం చేతికివ్వడు.