సర్వనామాలు, పురుష ప్రత్యయాలు

క్రియ చివర చేరి, కర్త ఏ పురుషకు, ఏ వచనానికి చెందినదో తెలిపే ప్రత్యయాలను '''పురుష ప్రత్యయాలు''' అంటారు. లాటిన్ నుండి పుట్టిన రోమాన్స్ భాషలలోను, ద్రావిడ భాషలలోను ఇవి ఉన్నాయి. ఈ రెండు కుటుంబాలకు బంధుత్వం నిరూపితం కాలేదు. అయితే కోనసీమకు చేరువలోని యానాంలో 1954 వరకు ఫ్రెంచి పాలన సాగినందున అక్కడ తెలుగు, ఫ్రెంచి రెండూ వాడుకలో ఉండేవి.

== రోమాన్స్ భాషలు ==
"పాడతాను, పాడతావు, పాడతాడు" అనే అర్థాలలో లాటిన్ రూపాలు కాంతో, కాంతాస్, కాంతాత్. ఇవి స్పానిష్‌లో కాంతో, కాంతాస్, కాంతా. ఇటాలియన్‌లో కాంతో, కాంతి, కాంతా అయ్యాయి. ప్రత్యయమే కర్తను తెలుపుతుంది కనుక ఈ భాషలలో సర్వనామాన్ని తరచుగా వదిలివేస్తారు. ఫ్రెంచిలో మాత్రం మూడు రూపాలనూ ఒకే విధంగా, షాంత్ అని పలుకుతారు. అందువలన అక్కడ సర్వనామం తప్పనిసరి.

== ద్రావిడ భాషలు ==
తెలుగులో వచ్చాను, వచ్చావు, వచ్చాడు. తమిళంలో వందేన్, వందాయ్, వందాన్. ఇక్కడ కూడా సర్వనామం లేకున్నా కర్త తెలుస్తుంది. మలయాళంలో ఈ ప్రత్యయాలు లోపించి, మూడింటికీ వన్ను అనే రూపమే మిగిలింది.

రోమాన్స్ ప్రత్యయాలు లింగాన్ని తెలుపవు. తమిళం వందాన్, వందాళ్, వందదు అని పుం, స్త్రీ, నపుంసక లింగాలను వేరుచేస్తుంది. తెలుగు ఏకవచనంలో "ఆమె వచ్చింది", "అది వచ్చింది" అని స్త్రీ, నపుంసక లింగాలకు ఒకే రూపం. బహువచనంలో స్త్రీపురుషులకు "వచ్చారు".

== బంధుత్వం ==
ప్రత్యయాలు అరిగిపోయినచోట కూడా సర్వనామాలు కుటుంబాన్ని గుర్తుపట్టిస్తాయి. మధ్యమ పురుష ఏకవచనం లాటిన్, స్పానిష్, ఇటాలియన్‌లలో తూ, ఫ్రెంచిలో త్యు. తెలుగులో నీవు, కన్నడంలో నీను, తమిళ మలయాళాలలో నీ. ద్రావిడ భాషలలోని ఇటువంటి పోలికలను రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో, భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో తమ గ్రంథాలలో వివరించారు.