ఆ ప్రశ్న ఎవరిది?

సందర్శకుల గ్యాలరీలో సర్దుకుని కూర్చోండి. ఇక్కడ మాట్లాడకూడదు. కింద ఎవరెంత బాగా మాట్లాడినా చప్పట్లు కొట్టకూడదు. కింద అర్ధచంద్రాకారంలో సభ్యుల బెంచీలు, వాటికి ఎదురుగా సభాపతి పీఠం, మధ్యలో బల్ల. అక్కడ షార్ట్‌హ్యాండ్ రిపోర్టర్లు ఒకరు లేస్తే ఒకరు వచ్చి కూర్చుంటున్నారు. ఇవాళ ఇక్కడ పలికిన ప్రతి మాటా రికార్డులోకి ఎక్కుతుంది.

1951 సెప్టెంబరు 24, సోమవారం.

దీన్ని లోక్‌సభ అనకండి, లోక్‌సభ ఇంకా పుట్టలేదు. రాజ్యాంగం రాసిన సభే తాత్కాలిక పార్లమెంటుగా నడుస్తోంది. కింద ఉన్నవాళ్లలో ఒక్కరినీ జనం నేరుగా ఓటేసి పంపలేదు. ఆ ఓట్ల పండుగ ఇంకో నెలకు మొదలవుతుంది, అక్టోబరు 25న హిమాచల్ కొండల్లో తొలి పోలింగ్. ఈ నెలంతా సభ వేడివేడిగానే ఉంది. హిందూ కోడ్ బిల్లు ముందుకూ కదలడం లేదు, వెనక్కూ పోవడం లేదు. మరో మూడు రోజుల్లో అంబేద్కర్ న్యాయమంత్రి పదవికి రాజీనామా చేస్తారు. ఆ గొడవ అటుంచండి. ఇవాళ సభ ముందున్నది ఒకే ఒక్క మనిషి సంగతి.

ప్రధాని నెహ్రూ లేచారు. ఆయన ప్రవేశపెడుతున్నది ప్రతిపక్షం మీద తీర్మానం కాదు. బొంబాయి నుంచి వచ్చిన హెచ్.జి. ముద్గల్ అనే సభ్యుణ్ని, తన కాంగ్రెస్ పార్టీ మనిషినే, సభ నుంచి బహిష్కరించాలంటున్నారు. ముద్గల్ సభలోనే ఉన్నారు. తనమీద జరిగే చర్చలో తానూ మాట్లాడబోతున్నారు.

ఇంతకీ ఆయన చేసిందేమిటి?

కథ బొంబాయిలో మొదలైంది. అక్కడి బులియన్ అసోసియేషన్ అంటే బంగారం, వెండి వ్యాపారుల సంఘం. వాళ్లకు రెండు తలనొప్పులు. ఒకటి ఆప్షన్ వ్యాపారం, బజారు భాషలో తేజీ మందీ. సరుకు చేతులు మారదు. రేపు ధర పెరుగుతుందనో పడుతుందనో లెక్కవేసి, కొంత సొమ్ము ముందు కట్టి, ఫలానా ధరకు కొనే హక్కునో అమ్మే హక్కునో కొనుక్కుంటారు. రెండోది స్టాంపు డ్యూటీ. పైగా వాయిదా వ్యాపారాలను కట్టడి చేసే ఫార్వర్డ్ కాంట్రాక్టుల బిల్లు పార్లమెంటు ముందుంది. ఢిల్లీలో ఎవరో ఒక గుమాస్తా ఒక క్లాజు మార్చి రాస్తే చాలు, జవేరీ బజారులో కొందరి పంట పండుతుంది, కొందరి కొంప మునుగుతుంది. కాబట్టి ఢిల్లీలో తమకో మనిషి కావాలనుకున్నారు. ముద్గల్ ఆ మనిషి అయ్యారు. సభలో వాళ్ల తరఫున ప్రచారం, మద్దతు కూడగట్టడం, ప్రశ్నలు, బిల్లుకు సవరణలు, మంత్రులతో ముఖాముఖి ఏర్పాట్లు. అందుకు ప్రతిఫలంగా అసోసియేషన్ నుంచి సొమ్ము. లక్షల మాట కాదు, వేలల్లో వ్యవహారం.

ప్రశ్న అడగడంలో ఏముంది, సభ్యుడి పనే అది కదా అనిపించవచ్చు. అందుకే ఆ కాగితాన్ని కాస్త దగ్గరగా చూడండి. పార్లమెంటు ప్రశ్న నోటీసు చూడటానికి మహా చప్పగా ఉంటుంది. ‘ఆర్థికమంత్రి దయచేసి తెలియజేయుదురా’ అని మొదలవుతుంది. కింద ఎ, బి, సి అని మూడు నాలుగు ముక్కలు. ఫలానా వ్యాపారం మీద ఆంక్షలు పెట్టే ఆలోచన ఉన్నదా, ఉన్నచో ఎప్పటినుంచి, లేనిచో కారణములేమి. అడుగున సంతకం. అంతే. ఆ కాగితం సచివాలయంలో నంబరు వేయించుకుని మంత్రిత్వ శాఖకు పోతుంది. అక్కడ సెక్షన్‌లో ఫైలు తెరుచుకుంటుంది. పాత కాగితాలు తవ్వి తీస్తారు. జవాబు ఒక అధికారి రాస్తే పైఅధికారి దిద్దుతాడు, ఆపై అధికారి కొట్టేసి మళ్లీ రాస్తాడు. అనుబంధ ప్రశ్నలు వస్తే మంత్రి తడబడకుండా ఇంకో నోట్ తయారవుతుంది. చివరికి మంత్రి లేచి సభలో నాలుగు వాక్యాలు చదువుతారు. సాయంత్రానికి బజారుకు ప్రభుత్వ మనసులో ఏముందో తెలిసిపోతుంది. సామాన్యుడు ఏడాదిపాటు కార్యాలయాల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినా దొరకని మాట, ఒక్క సంతకంతో రాజముద్ర పడి బయటికొస్తుంది.

ఆ కాగితం మీద ఒక్క గడి మాత్రం లేదు. ఈ ప్రశ్న మిమ్మల్ని అడగమన్నది ఎవరు, అందుకు మీకేం ముట్టింది అన్న గడి. ముద్గల్ సంతకం కింద బులియన్ బజారు దాక్కున్నది ఆ ఖాళీలోనే.

నెహ్రూ దీన్ని ఆషామాషీగా సభకు తేలేదు. జూన్ 8న సభ ఆయన ప్రతిపాదన మీదే అయిదుగురితో ప్రత్యేక కమిటీ వేసింది. అధ్యక్షుడు టి.టి. కృష్ణమాచారి. సభ్యులు ప్రొఫెసర్ కె.టి. షా, సయ్యద్ నౌషేర్ అలీ, హైదరాబాదు నుంచి కాశీనాథరావు వైద్య, మన జి. దుర్గాబాయి. కాశీనాథరావు మరుసటి ఏడాది హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు తొలి స్పీకర్ అవుతారు. దుర్గాబాయి గురించి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ఈ సందర్భంలో ఒక పాత ముచ్చట గుర్తు చేయకుండా ఉండలేను. 1923 కాకినాడ కాంగ్రెస్. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు. టికెట్ లేనిదే ఎవరినీ వదలొద్దని ఆమెకు చెప్పారు, ఆమె వదల్లేదు. ఆగిపోయిన పెద్దమనిషి జవహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి రెండణాల టికెట్ కొనిచ్చాకే ఆయన లోపలికి వెళ్లారు. ఆ పిల్లే ఇప్పుడు ఈ కమిటీలో ఉంది.

కమిటీ ఏం తేల్చింది? ముద్గల్ ప్రవర్తన సభ గౌరవానికి భంగకరం, సభ్యుల నుంచి పార్లమెంటు ఆశించే ప్రమాణాలకు విరుద్ధం. మాటలు జాగ్రత్తగా చూడండి. ఫలానా సెక్షన్ కింద నేరం అనలేదు. గ్యాలరీలో మీ పక్కన వకీలు ఎవరైనా ఉంటే ఈపాటికి నసుగుతూ ఉండాలి. సభ్యులకు రాసిపెట్టిన నియమావళి ఏదీ లేదు కదా, ఏ నియమం తప్పాడని పంపేస్తారు అని. నిజమే, లేదు. రాజ్యాంగం 105వ అధికరణ అప్పటికి చెప్పిందల్లా, బ్రిటిష్ కామన్స్ సభకున్న హక్కులే మన సభకూ ఉంటాయని. ఆ కామన్స్ సభ 1947 అక్టోబరు 30న గ్యారీ అలిఘన్ అనే సభ్యుణ్ని బహిష్కరించింది. ఆయన పత్రికల మనిషి, పార్టీ సమావేశాల గుట్టు డబ్బుకు అమ్ముకున్నాడు. అంటే ఇంటి యజమానికి ఇంట్లో ఎవరుండాలో తేల్చే అధికారం ఉందన్నమాట. ఢిల్లీ సభ ఇవాళ ఆ అధికారాన్ని తొలిసారి వాడబోతోంది.

నెహ్రూ వాదన సూటిగా ఉంది. ఇది అటా ఇటా అని తూచాల్సిన కేసు కాదు, ఇంతకన్నా చెడ్డగా ఉండటం కష్టం అన్నది ఆయన సారాంశం. సభ ముందుకు ఇలాంటిది రావడం ఇదే మొదలు కాబట్టి ఇక్కడ మెతకగా పోతే, ఈ విషయాల్లో సభకు స్పష్టత ఉందా లేదా అని జనానికి అనుమానం వస్తుందన్నారు. నాకు ఇందులో తోచేది ఒకటే. నెల తిరిగితే ఎన్నికలు. ముద్గల్‌కు టికెట్ ఇవ్వకుండా ఊరుకుంటే విషయం తనంతట తానే సద్దుమణిగేది. పార్టీ పరువు కూడా దక్కేది. ఏ పార్టీ అధినేత అయినా ఆ దారే పడతాడు. ఆయన పడలేదు.

ఇప్పుడు ముద్గల్ లేచారు. తన వాదన చెప్పుకున్నారు. చెప్పి ఊరుకోలేదు. వాంగ్మూలం ముగుస్తూనే ఒక కాగితం ఉపసభాపతికి అందించారు. పీఠం మీద ఉన్నది మాడభూషి అనంతశయనం అయ్యంగార్, తిరుచానూరులో పుట్టి, పిల్లలకు లెక్కలు చెప్పి, చిత్తూరు కోర్టులో నల్లకోటు వేసుకున్న మనిషి. కాగితం విప్పితే అది రాజీనామా.

గ్యాలరీలో ఉన్న మనకు కూడా లెక్క అర్థమవుతోంది. సభ్యుడే కానివాణ్ని సభ ఎలా బహిష్కరిస్తుంది? తలుపు మూసేలోగా మనిషి తానే బయటికి నడిచాడు. ఇక తీర్మానం చిత్తుకాగితం.

సభ అలా అనుకోలేదు. మర్నాడు, 25న, తీర్మానాన్ని సవరించింది. ముద్గల్ బహిష్కరణకు అర్హుడే అని రాసింది. అక్కడితో ఆగలేదు. ఆ రాజీనామా లేఖలో వాడిన మాటలు సభా ధిక్కారమని, చేసిన తప్పును అవి మరింత పెంచాయని చేర్చింది. మనిషి చేజారినా మాట చేజారనివ్వలేదు. తర్వాతి కాలంలో దొరికిపోగానే రాజీనామా ముఖాన కొట్టి ‘నైతిక బాధ్యత’ అని మాలలు వేయించుకున్న నాయకులను చూసినవాళ్లకు, ఈ సవరణ విలువ ఇట్టే తెలుస్తుంది.

గ్యాలరీ దిగేముందు ఆ బెంచీల మీద కృష్ణమాచారిని ఒకసారి గుర్తుపెట్టుకోండి. ఆరేళ్లు ముందుకు రండి. 1957 డిసెంబరు 16. స్పీకర్ పీఠం మీద అదే అనంతశయనం అయ్యంగార్. కృష్ణమాచారి ఇప్పుడు ఆర్థికమంత్రి. ప్రధాని అల్లుడు ఫిరోజ్ గాంధీ లేచి, జీవిత బీమా సంస్థ సొమ్ము కోటీ ఇరవై లక్షలకు పైగా పెట్టి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలు ఎందుకు కొన్నారో చెప్పమని నిలదీశారు. వ్యవహారం చాగ్లా కమిషన్ దాకా వెళ్లింది. కృష్ణమాచారి సొంతానికి తిన్నారని చాగ్లా అనలేదు. శాఖలో జరిగినదానికి మంత్రిదే బాధ్యత అన్నారు. 1958 ఫిబ్రవరిలో ఆయన దిగిపోయారు. ముద్గల్‌ను తూచిన మనిషే సభ తక్కెడలో కూర్చోవాల్సి వచ్చింది.

ఆ తర్వాతి ప్రయాణం చెప్పుకోదగ్గంత అందమైనది కాదు. 1993 జులై 28న పి.వి. నరసింహారావు ప్రభుత్వం అవిశ్వాస తీర్మానం గట్టెక్కింది. ఓట్ల కోసం సభ్యులకు డబ్బు ముట్టిందన్న కేసులో పి.వి. చివరికి హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డారు. అయితే అదే వ్యవహారంలో 1998లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు, డబ్బు తీసుకుని సభలో ఓటేసిన సభ్యుడికి రక్షణ ఉందని తేల్చింది. వింత ఏమిటంటే, తీసుకుని ఓటేయనివాడికి ఆ రక్షణ లేదు! మాట నిలబెట్టుకున్న లంచగొండికి గొడుగు, మాట తప్పినవాడికి ఎండ. ఆ తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న గానీ కొట్టేయలేదు. మధ్యలో 2005 డిసెంబరులో కెమెరా ముందు ప్రశ్నలకు డబ్బు తీసుకున్న 11 మందిని, లోక్‌సభ నుంచి పదిమందిని, రాజ్యసభ నుంచి ఒకరిని, పంపేశారు. అప్పుడు దుమ్ము దులిపి బయటికి తీసింది ముద్గల్ ఫైలునే.

మరి ఆ ఖాళీ గడి సంగతి? కొంత నిండింది. సుప్రీంకోర్టు పట్టుబట్టాక 2003 నుంచి ప్రతి అభ్యర్థీ ఆస్తులు, అప్పులు, కేసులు అఫిడవిట్‌లో రాయాలి. గెలిచిన ఎంపీ ప్రమాణం చేసిన 90 రోజుల్లో మళ్లీ ఆస్తుల లెక్క ఇవ్వాలి. రాజ్యసభలో సభ్యుల ప్రయోజనాల రిజిస్టరు ఉంది. జీతమొచ్చే డైరెక్టర్ పదవులు, పెత్తనం చెలాయించగల వాటాలు, డబ్బు తీసుకుని చేసే కన్సల్టెన్సీ వంటివి అందులో రాయాలి. జనం నేరుగా ఎన్నుకునే లోక్‌సభలో అటువంటి రిజిస్టరు లేదు. ఆస్తి ఎంతుందో చెబితే చాలదు. ఏ వ్యాపారం కోసం నోరు విప్పుతున్నాడో తెలియాలి. నా దృష్టిలో ఇది మరచిపోయి వదిలేసిన పని కాదు, వద్దనుకుని వదిలేసిన పని.

వాళ్లు ఆ గడి పెట్టేదాకా మనమే కొంత పూరించుకోవచ్చు. మీ ఎంపీ అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంది. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నా, మంత్రి ఇచ్చిన జవాబుతో సహా పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. గనుల మీద, ఫార్మా మీద, రోడ్డు కాంట్రాక్టుల మీద ఒకే సభ్యుడు పదేపదే అడుగుతుంటే, ఆయన వాటాలు ఎందులో ఉన్నాయో చూడండి. అనుమానం వస్తే ఈసారి మీ ఊరొచ్చినప్పుడు సభలో లేచి, మర్యాదగానే, ఆ ప్రశ్న ఎవరి తరఫున అడిగారో ఆయన్నే అడగండి.