తనిఖీ ఫలితం టైపులో నిలవాలి

వాడుకరి ఇచ్చిన డేటాను సరిచూడటం టైపులున్న భాషలకు తేలిక అనుకుంటాం. చరిత్ర చూస్తే అది నిజం కాదు. 1960లో వచ్చిన కోబాల్‌లో ఏ గడిలో ఎన్ని అంకెలుండాలో పిక్చర్ అనే వర్ణన ద్వారా ముందే ప్రకటించేవారు. కానీ అందులోకి నిజంగా అంకెలే వచ్చాయో లేదో న్యూమరిక్ పరీక్షతో విడిగా చూసుకోవాల్సిందే. నిక్లాస్ విర్త్ 1970లో వెలువరించిన పాస్కల్‌లో రోజును 1 నుంచి 31 వరకు ఉండే టైపుగా రాయవచ్చు. పరిధి దాటిన విలువను అడా భాష ప్రోగ్రాం నడుస్తుండగానే పట్టుకుంటుంది. అయినా ఫిబ్రవరి 30 ఈ కట్టడిని సునాయాసంగా దాటుకుని వస్తుంది. రోజు, నెల విడివిడిగా సరైనవే. తప్పు వాటి కలయికలో ఉంది. సీ భాషలోని గెట్స్ ఫంక్షన్‌కైతే ఎంత పొడవున్న వరుస వస్తుందో చూసే వీలే లేదు. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రాం ఫింగర్ సేవలోని 512 బైట్ల బఫర్‌ను పొంగించి చొరబడింది ఈ దారిలోనే. ఆ ఫంక్షన్‌ను ప్రమాణం నుంచి తీసేయడానికి 2011 దాకా పట్టింది.

అసలు మలుపు 1970లలో ఎడిన్‌బరోలో వచ్చింది. రాబిన్ మిల్నర్ బృందం గణిత నిరూపణల కోసం ఎంఎల్ భాషను రూపొందించింది. అందులో సిద్ధాంతం అనే టైపు విలువను అనుమతించిన నియమాల ద్వారా తప్ప మరోలా తయారుచేయలేరు. అంటే ఆ టైపు విలువ చేతికొచ్చిందంటే తనిఖీ అయిపోయినట్టే. తేదీకీ, ఈమెయిలుకీ ఇదే పద్ధతి సరిపోతుంది: ముడి పాఠాన్ని ఒకే ఫంక్షన్ పరిశీలించి, కొత్త టైపు విలువనో తప్పు వివరాన్నో ఇవ్వాలి. అవును-కాదు అని మాత్రమే చెప్పే తనిఖీ, తెలుసుకున్న సంగతిని అక్కడే వదిలేస్తుంది. తర్వాతి ఫంక్షన్ మళ్లీ అనుమానించక తప్పదు. 2019లో ప్రోగ్రామర్ అలెక్సిస్ కింగ్ హాస్కెల్ భాష ఉదాహరణలతో బలంగా వాదించింది దీన్నే.

కంపైలర్ ఉండగా ఇంత శ్రమ ఎందుకని కొందరంటారు. 2012లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ టైపులు ప్రోగ్రాం నడిచే వేళకు చెరిగిపోతాయి. వయసు సంఖ్య అని మనం రాసుకున్నా, బయటినుంచి "40" అనే పాఠం వస్తే దానికి 1 కలిపినప్పుడు 41 రాదు, "401" వస్తుంది. కంపైలర్ మనం రాసిన మాటను నమ్ముతుంది, వచ్చిన డేటాను చూడదు. ఇక, ఈ ఖాతా పేరు ఇప్పటికే ఎవరిదైనా ఉందా వంటి ప్రశ్నలకు టైపు జవాబివ్వలేదన్న అభ్యంతరం న్యాయమైనదే. అది క్షణక్షణం మారే నిజం; దాన్ని డేటాబేస్ నిబంధనే కాపాడాలి. కానీ మారని నిజాలను పదేపదే సరిచూడటం వృథా. ఒకచోట మరచిపోతే ప్రమాదం కూడా. అందుకే డేటా లోపలికి వచ్చే చోటే ఒకసారి గట్టిగా పరీక్షించి, ఆ ఫలితాన్ని టైపులో నిలపడం మనకున్న మేలైన దారి.