మూడో మంచం మీద పాప

2018 జనవరి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్దాస్పత్రి, పిల్లల వార్డు. లోపలికి అడుగు పెట్టగానే ఫినాయిల్ వాసన, దాన్ని తోసుకుంటూ పుల్లటి వాంతి వాసన. మూడో మంచం దగ్గర ఆగండి. తొమ్మిది నెలల పాప. రాత్రంతా నీళ్ల విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్లు లేవు. డాక్టరు పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే ముడత వెంటనే పోలేదు. సెలైన్ ఎక్కుతోంది.

పాప కాస్త తేరుకున్నాక ఒక నర్సు వచ్చి తల్లి పక్కన కూర్చుంది. విరేచనాలతో చేరిన పసిపిల్లల వివరాలు రాసుకోవడం ఈమె పని. ఎందుకో విడమరిచి చెప్పి, సంతకం తీసుకుని, అడిగింది:

"టీకాల కార్డు తెచ్చావామ్మా?"

"హడావుడిలో ఇంటి దగ్గరే ఉండిపోయింది మేడం. చుక్కలు మాత్రం వేయించాం."

"ఇంట్లో ఎవరున్నారు? ఫొటో తీసి పంపమను."

నోటిమాట చాలదు. పోలియోవీ చుక్కలే, రోటావైరస్‌వీ చుక్కలే. ఏవి ఎప్పుడు పడ్డాయో ఏఎన్ఎం కార్డులో రాసిన తేదీయే చెప్పాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఐదేసి చుక్కలు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్. 2016లో దీన్ని జాతీయ టీకా కార్యక్రమంలో చేర్చినప్పుడు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి.

ఫొటో వచ్చింది. మసకే గానీ అంకెలు తెలుస్తున్నాయి. మూడు డోసులూ పడ్డాయి.

"మరి వేయించినా ఎందుకొచ్చింది మేడం?"

"విరేచనాలు చాలా వాటివల్ల వస్తాయమ్మా. ఇది రోటానో కాదో పరీక్ష చేస్తేగానీ తెలీదు."

నమూనా డబ్బాలోకి, డబ్బా ఐస్ పెట్టెలోకి. వెనకే ల్యాబ్‌కు నడవండి. ప్లేటు నిండా చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో బిడ్డ నమూనా. వైరస్ ఉంటే రంగు తేలుతుంది.

ఇదంతా టీకా నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చడానికే. ఊళ్లో టీకా పడిన పిల్లల్నీ పడనివాళ్లనీ నేరుగా పోలిస్తే మోసపోతాం. టీకా వేయించిన ఇంట్లో మంచినీళ్లూ బాగుండొచ్చు, ఆస్పత్రీ దగ్గరుండొచ్చు. ఈ వార్డులో మాత్రం అందరూ ఒకే బాధతో ఒకే గడప తొక్కినవాళ్లు. కొందరిది రోటా, కొందరిది ఇంకేదో. టీకా పనిచేయకపోతే రెండు గుంపుల్లోనూ టీకా పడ్డవాళ్లు ఒకే పాళ్లలో ఉండాలి. పనిచేస్తే రోటా గుంపులో తక్కువగా కనిపించాలి. నెగెటివ్ వచ్చిన బిడ్డ నమూనా కూడా అంత విలువైనది కావడం అందుకే. ఫలితం రాకముందే కార్డు అడగడమూ అందుకే. తెలిశాక వెతికితే, కొందరి కార్డు కోసం ఊరంతా గాలిస్తాం, కొందరిది దొరక్కపోతే పోనిమ్మంటాం.

మన పాప గుంట పసుపు తిరిగింది. పాజిటివ్.

మూడు డోసులు పడ్డ బిడ్డకు రోటా. ఇక్కడ టీకా ఓడిపోయింది. దాన్నీ ఉన్నదున్నట్టే రాసుకున్నారు. ఈ లెక్క మీద నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే.

2016 నుంచి 2020 వరకు తొమ్మిది రాష్ట్రాల్లో, 31 ఆస్పత్రుల్లో ఇలా ఒక్కో బిడ్డనూ రాసుకున్న లెక్క 2025లో అచ్చయింది. రోటాతో ఆస్పత్రిపాలయ్యే ముప్పును టీకా 54 శాతం తగ్గిస్తోంది. అంతకుముందు ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసివాళ్లతో చేసిన ప్రయోగంలో, తీవ్రమైన రోటా విరేచనాల మీద మొదటి ఏడాది తేలింది 56 శాతం. ప్రయోగంలో ప్రతి డోసునూ కనిపెట్టుకునే మనుషులుంటారు. ఊళ్లలో ఉండేది బుధవారం క్యూ, ఎండ, ఏఎన్ఎం భుజాన టీకాల పెట్టె. అయినా ఫలితం దాదాపు అంతే నిలిచిందంటే ఆ పెట్టె మోసినవాళ్లకు దండం పెట్టాలి.

విరేచనాలతో చేరే పిల్లల్లో రోటా వాటా కూడా 40 శాతం నుంచి 20కి దిగింది. సగమేనా అని పెదవి విరిచేవాళ్లు, టీకాకు ముందు మన దేశంలో ఏటా దాదాపు 78,000 మంది ఐదేళ్లలోపు పిల్లల్ని రోటా పొట్టన పెట్టుకునేదన్న అంచనాను పక్కన పెట్టుకుని మళ్లీ చూడాలి.