పేదల పెద్దాసుపత్రి.. గాంధీ
మూడు వార్డులతో మొదలై వేలాది మందికి ఆసరా

బోయిన్‌పల్లి: రాత్రివేళ కూరగాయల మార్కెట్‌లో మూటలు దించుతూ హమాలీ కుప్పకూలినా, మేడ్చల్ రహదారిపై ద్విచక్ర వాహనదారుడు ప్రమాదానికి గురైనా, బస్తీలో నిండు గర్భిణికి రక్తపోటు పెరిగినా ఈ ప్రాంతవాసుల నోట ముందుగా వచ్చే మాట ‘గాంధీకి తీసుకెళ్లండి’. తాడ్‌బండ్, ప్యారడైజ్, సికింద్రాబాద్ మీదుగా ముషీరాబాద్ చేరితే కనిపించే ఆ భవనాల సముదాయమే గాంధీ ఆసుపత్రి. కంటోన్మెంట్ బస్తీల నుంచి ఆదిలాబాద్ మారుమూల తండాల వరకు, చేతిలో డబ్బు లేనివారికి చివరి ఆశ అదే. ఒకటిన్నర శతాబ్దానికి పైగా సాగిన ఈ ప్రస్థానంలో ఆసుపత్రి పేరు మారింది, చోటు మారింది. వచ్చే జనం మాత్రం తగ్గలేదు.

దండు ఊరిలో చిన్న వైద్యశాల
నిజాం సికిందర్ జా పేరిట 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ ప్రధానంగా ఆంగ్లేయుల సైనిక స్థావరం. సిపాయిల వైద్యానికి పటాలం ఆసుపత్రులు ఉండేవి. బోయిన్‌పల్లికి కూతవేటు దూరంలోని బేగంపేటలో పనిచేసిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించారు. ఆ పరిశోధనే ఆయనకు 1902లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది.

సామాన్య ప్రజల వైద్యం కోసం 1851లో సికింద్రాబాద్‌లో మూడు వార్డులతో ఒక చిన్న వైద్యశాల వెలిసింది. కాలక్రమంలో అది సివిల్ ఆసుపత్రిగా, ఆపై కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రిగా ఎదిగింది. పాతతరం వారు దీనిని ‘కేఈఎం’ అని పిలిచేవారు. స్వాతంత్ర్యానంతరం 1958లో జాతిపిత పేరు పెట్టారు. సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌కు చేరువలో ఉండటంతో రైలు దిగిన రోగులు నడిచే ఆసుపత్రికి చేరుకునేవారు.

ప్రైవేటుగా పుట్టి.. ప్రభుత్వ చేతికి
గాంధీ వైద్య కళాశాల చరిత్ర వేరుగా మొదలైంది. 1954 సెప్టెంబరులో హుమాయున్‌నగర్‌లో ఇది ప్రైవేటు సంస్థగా ఆవిర్భవించింది. 1955 జూన్ 25న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ లాంఛనంగా ప్రారంభించారు. నిర్వహణ భారం కావడంతో 1956లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుంది. 1958లో కళాశాల బషీర్‌బాగ్‌కు తరలింది. విద్యార్థుల శిక్షణకు సికింద్రాబాద్ ఆసుపత్రి బోధనాసుపత్రిగా మారింది.

అయితే కళాశాల ఒకచోట, ఆసుపత్రి మరోచోట ఉండటంతో విద్యార్థులు, అధ్యాపకులు దశాబ్దాల పాటు రెండింటి మధ్య తిరగవలసి వచ్చింది. పెరుగుతున్న రోగులకు పాత ప్రాంగణం కూడా చాలలేదు. ముషీరాబాద్ జైలును అక్కడి నుంచి తొలగించి, ఆ విశాలమైన స్థలంలో కొత్త భవనాలు నిర్మించారు. 2003లో ఆసుపత్రి, కళాశాల రెండూ ఒకే ఆవరణకు చేరాయి. ఒకప్పుడు ఖైదీల బ్యారక్‌లున్న నేలపై నేడు శస్త్రచికిత్స గదులు, ప్రసూతి వార్డులు పనిచేస్తున్నాయి.

వైద్యం.. విద్య కలిసే చోట
గాంధీలో రోగి పడక చుట్టూ నలుగురైదుగురు వైద్యులు చేరడం చూసి కొత్తగా వచ్చినవారు కంగారు పడుతుంటారు. బోధనాసుపత్రి విధానమే అది. ప్రతి విభాగాన్ని కొన్ని యూనిట్లుగా విభజిస్తారు. యూనిట్‌కు ప్రొఫెసర్ పెద్ద. ఆయన కింద అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీజీ విద్యార్థులు, హౌస్‌సర్జన్లు ఉంటారు. ఉదయం రౌండ్లలో జూనియర్ వైద్యుడు రోగి పరిస్థితిని వివరిస్తే, సీనియర్లు ప్రశ్నించి, సరిదిద్ది, చికిత్స నిర్ణయిస్తారు. విద్యార్థికి అది పాఠం. రోగికి అది ఒకరికి నలుగురి పరిశీలన.

యూనిట్లకు వారంలో వేర్వేరు ఓపీ రోజులు ఉంటాయి. అందుకే మళ్లీ చూపించుకునేవారు మొదట చూసిన యూనిట్ రోజునే రావడం మేలు. అత్యవసర విభాగం మాత్రం పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. ప్రమాదాలు, విషప్రయోగాలు, కాలిన గాయాల వంటి కేసుల్లో పోలీసులకు సమాచారం ఇవ్వడం, పోస్టుమార్టం నిర్వహించడం కూడా ఈ ఆసుపత్రి బాధ్యతలే. కోర్టుల్లో ఎన్నో కేసులు ఇక్కడి వైద్యులిచ్చే నివేదికలపై ఆధారపడతాయి.

ప్రస్తుతం కళాశాలలో ఏటా 250 మంది ఎంబీబీఎస్‌లో చేరుతున్నారు. నాలుగున్నరేళ్ల చదువు ముగిశాక ఏడాది పాటు హౌస్‌సర్జన్లుగా అన్ని విభాగాల్లో పనిచేస్తారు. ఇక్కడ సూది వేయడం నేర్చినవారే తర్వాత జిల్లాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రోగులను చూస్తారు. కాబట్టి గాంధీలో బోధన సిబ్బంది కొరవడితే నష్టం ఈ ప్రాంగణానికే పరిమితం కాదు. పదేళ్ల తర్వాత ఎక్కడో పల్లెలో రోగి కూడా ఆ నష్టం భరించవలసి వస్తుంది.

కరోనా కాలపు పరీక్ష
2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు వెలుగుచూసింది. ఆ రోగికి చికిత్స అందించింది గాంధీ ఆసుపత్రే. కొద్దివారాల్లోనే ఆసుపత్రి మొత్తాన్ని కరోనా రోగులకే కేటాయించారు. కుటుంబసభ్యులు సైతం దగ్గరకు రాలేని రోజుల్లో వైద్యులు, నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు రోగుల వెంట నిలిచారు. 2020 జూన్‌లో ఒక రోగి మరణానంతరం బంధువులు జూనియర్ వైద్యుడిపై దాడికి దిగడంతో జూనియర్ వైద్యులు ఆందోళన చేపట్టారు. భద్రతతో పాటు, రోగులందరినీ ఒక్క గాంధీకే పంపకుండా ఇతర ఆసుపత్రుల్లోనూ చికిత్స అందించాలని వారు కోరారు.

ఈ నిర్ణయానికి మరో పార్శ్వం ఉంది. గాంధీ కరోనాకే పరిమితమైన నెలల్లో గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, గర్భిణులు ఉస్మానియా వంటి ఇతర ఆసుపత్రులను ఆశ్రయించవలసి వచ్చింది. 2020 నవంబరులో సాధారణ సేవలు పునఃప్రారంభమైనా, రెండో విడత ఉద్ధృతితో 2021 ఏప్రిల్‌లో మళ్లీ నిలిచాయి. ఆగస్టులో తిరిగి మొదలయ్యాయి. ఒకే ఆసుపత్రిపై ఇంత భారం మోపితే ఏమవుతుందో ఆ రెండేళ్లు రుజువు చేశాయి.

భారం తగ్గేదెలా?
2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవలు, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదలకు వైద్యాన్ని చేరువ చేశాయి. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషన్-ఎంజీబీఎస్ మెట్రో మార్గం ప్రారంభమై, గాంధీ ఆసుపత్రి పేరిటే స్టేషన్ వచ్చింది. బోయిన్‌పల్లి వాసులు జేబీఎస్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్‌లో దిగవచ్చు. 2023లో మాతాశిశు సంరక్షణకు 200 పడకల ప్రత్యేక విభాగం తోడైంది. మరోవైపు జిల్లాల్లో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బోయిన్‌పల్లికి సమీపాన అల్వాల్‌లో పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

భవనాలు ఎన్ని లేచినా, వాటిలో వైద్యులు, నర్సులు, మందులు ఉంటేనే గాంధీకి వచ్చే దారిలో రోగులు ఆగుతారు. జలుబు, సాధారణ జ్వరాలకు సమీపంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు సరిపోతాయి. అక్కడ నమ్మకం కుదిరితే గాంధీ వరుసలో ప్రాణాపాయంలో ఉన్నవారికి చోటు దొరుకుతుంది. వచ్చేవారు పాత ఓపీ చీటీ, పరీక్షల నివేదికలు, ఆధార్, రేషన్ కార్డు వెంట తెచ్చుకుంటే చికిత్సలో జాప్యం తగ్గుతుంది.

ప్రైవేటు ఆసుపత్రిలో బయానా కట్టలేక వెనుదిరిగిన కుటుంబానికి ఈ గేటు దగ్గర ఎవరూ డబ్బు అడగరు. ఆ ఒక్క భరోసా నిలబెట్టడానికి చాలినంత సిబ్బందిని, నిధులను ఇవ్వడమే పాలకుల ముందున్న బాధ్యత.