సుసర్ల దక్షిణామూర్తి

సుసర్ల దక్షిణామూర్తి (11 నవంబరు 1921 – 9 ఫిబ్రవరి 2012) తెలుగు, తమిళ చిత్రాల సంగీత దర్శకుడు, వయొలిన్ విద్వాంసుడు. కృష్ణాజిల్లా దివిసీమలోని పెదకళ్ళేపల్లిలో పుట్టారు. దుర్గానాగేశ్వరస్వామి ఆలయం ఉన్న ఈ కృష్ణాతీర గ్రామమే వేటూరి ప్రభాకరశాస్త్రికీ, సినీకవి వేటూరి సుందరరామమూర్తికీ జన్మస్థలం.

సుసర్ల వారిది త్యాగరాజ శిష్యపరంపర. త్యాగరాజస్వామి శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన దగ్గర నేర్చుకుని ఆ సంగీతాన్ని కృష్ణాతీరానికి తెచ్చిన వారిలో ముఖ్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి. సంగీత దర్శకుడికి తాతగారు. మనవడికి పెట్టింది ఆయన పేరే. శాస్త్రిగారి శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. సినిమాల్లోకి వెళ్ళిన మనవడి కథను ఈ వరసతో కలిపి చదువుకోవాలి.

1946లో వచ్చిన ‘నారద నారది’ ఆయన తొలినాళ్ళ చిత్రాల్లో ఒకటి. పేరు తెచ్చింది మాత్రం ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన ‘సంసారం’ (1950). అందులో నటించిన ఎన్.టి. రామారావుది నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావుది రామాపురం, పాడిన ఘంటసాలది చౌటపల్లి. మూడూ గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళే. బాణీలు కట్టినవారు దివిసీమవారు. కృష్ణా దిగువ డెల్టా మద్రాసులో ఒకచోట చేరి చేసిన సినిమా అంటే తప్పులేదు.

‘సంతానం’ (1955)లో తమ్ముణ్ణి నిద్రపుచ్చే జోలపాటను లతా మంగేష్కర్ చేత పాడించారు. తెలుగులో ఆమె తొలిపాట అదే. మరుసటేడు ‘ఇలవేల్పు’లో ఒడియా గాయకుడు రఘునాథ్ పాణిగ్రాహి గొంతుతో చందమామ పాట పాడించారు. పాటకు ఏ గొంతు కావాలో ఆ గొంతును ఎంత దూరం నుంచైనా పిలిపించుకోవడం ఆయన పద్ధతి. తమిళంలో ఆయన చిత్రాల్లో ఎక్కువమందికి తెలిసింది మోడరన్ థియేటర్స్ వారి రంగుల చిత్రం ‘అలీబాబావుం 40 తిరుడర్గళుం’ (1956). మలయాళ చిత్రసీమలో పేరొందిన వి. దక్షిణామూర్తి వేరే వ్యక్తి. పేరు ఒకటే కావడంతో ఇద్దరి పాటలనూ కలిపేయడం ఇప్పటికీ జరుగుతోంది.

ఆయన శిఖరం ‘నర్తనశాల’ (1963). దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. ‘సంసారం’ కథానాయిక లక్ష్మీరాజ్యమే దీనికి నిర్మాత. ఇందులో ఎన్.టి. రామారావుకు రెండు గొంతులున్నాయి. అర్జునుడి పద్యాలకు ఘంటసాల. విరాటరాజు కొలువులో బృహన్నలగా మారువేషంలో ఉన్న అర్జునుడు రాజకుమార్తె ఉత్తరకు నాట్యం నేర్పే ‘సలలిత రాగ’ పాటకు బాలమురళీకృష్ణ, ఆయనతో బెంగుళూరు లత. రాసినవారు సముద్రాల రాఘవాచార్య. రాగం కల్యాణి. పౌరుషాన్ని దాచుకుని రాజకుమార్తెకు ఆట నేర్పుతున్న గురువు పాత్ర అది. పద్యంలో గర్జించే కంఠం అక్కడ అతకదు. సంగతులు అలవోకగా వేస్తూ శిష్యురాలిని వెంట తీసుకుపోయే కంఠం కావాలి. అందుకే బాలమురళి ఎంపిక అంత చక్కగా కుదిరింది. గురువు ముందు పలకడం, శిష్యురాలు అందుకోవడం, పోనుపోను స్వరాలూ జతులూ నడక పెంచుకోవడం... పాఠం చెప్పే తీరునే పాట నడకగా మలిచారు. తాతగారి ప్రశిష్యుడు మనవడి బాణీని పాడిన సందర్భం కూడా ఇదే. నేర్పిన విద్య రెండు దారుల్లో ప్రయాణించి ఒక రికార్డింగు గదిలో కలిసింది. తెలుగు సినిమాలో శాస్త్రీయ సంగీతాన్ని పలచన చెయ్యకుండా జనానికి అందించిన పాటల్లో దీన్ని ముందు వరసలో పెట్టాలి. అదే చిత్రంలో పి. సుశీల పాడిన ‘జననీ శివకామినీ’ ఇళ్ళలో పూజ వేళ పాడుకునే పాటగా స్థిరపడిపోయింది. ‘నర్తనశాల’ జాతీయ స్థాయిలో ద్వితీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది.

పదహారేళ్ళ తరవాత ఎన్.టి. రామారావు అదే విరాటపర్వ కథను ‘శ్రీమద్విరాటపర్వం’ (1979)గా స్వయంగా తీసినప్పుడు సంగీతానికి మళ్ళీ దక్షిణామూర్తినే పిలిచారు. దక్షిణామూర్తి చెన్నైలో తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూశారు.